అసురసంధ్య వేళ కథలు



దీపాలు పెట్టే వేళకి మన ఇళ్ళల్లో కొన్ని పట్టింపులున్నాయి. పడుకున్న పిల్లల్ని లేపేస్తాం. ఇల్లు ఊడవం, తల దువ్వుకోం. గడప మీద కూర్చుంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "అసురసంధ్య వేళ ఏమిటా కూర్చోవడం, లే!" అనే మాట వినకుండా పెరిగినవాళ్ళు మనలో తక్కువే. పగలూ కాదు, రాత్రీ కాదు. దండెం మీద ఆరేసిన చీర ఎవరో నుంచున్నట్టు కనిపిస్తుంది. నుంచున్న మనిషేమో చెట్టులా కనిపిస్తాడు.

ఈవేళ నేను మీతో ముచ్చటించబోయే టెలివిజన్ కార్యక్రమానికి పెట్టిన పేరు సరిగ్గా ఆ వేళదే. ఇంగ్లీషులో 'ది ట్విలైట్ జోన్' అన్నారు. మన మాటల్లో అసురసంధ్య సీమ అనుకోండి. అమెరికాలో సి.బి.ఎస్. అనే సంస్థ 1959 అక్టోబరు 2న మొదలుపెట్టి 1964 జూన్ వరకూ దీన్ని ప్రసారం చేసింది. ఐదు విడతలుగా మొత్తం 156 కథలు. అన్నీ నలుపు తెలుపుల్లోనే. వీటిలో 92 కథలకి రచన చేసింది ఒకే ఒక్క మనిషి, రాడ్ సెర్లింగ్. పేరు తన సొంత ఊహే అనుకున్నారట ఆయన. విమానం కిందికి దిగేటప్పుడు నేలకీ ఆకాశానికీ మధ్య గీత కనబడకుండా పోయే క్షణం ఒకటి ఉంటుందనీ, దాన్ని వైమానిక దళం వాళ్ళు అప్పటికే ఆ పేరుతో పిలుస్తున్నారనీ తరవాత తెలిసింది.

ఇది మనం రోజూ చూసే సీరియళ్ళలాంటిది కాదు. ఈ వారం ఏడిపించిన అత్తగారు పై వారం మళ్ళీ కనిపించదు. ఏ వారం కథ ఆ వారమే, నటులూ వేరే, ఊరూ వేరే. ఒక కథల సంపుటిని వారానికొక కథ చొప్పున విప్పి చూపించినట్టన్న మాట. అన్నిటినీ కలిపేది ఒక్కటే. సెర్లింగ్ స్వయంగా నల్ల సూటు వేసుకుని, చాలాసార్లు చేతిలో సిగరెట్టుతో, మన నాటకాల్లో సూత్రధారుడిలా వచ్చి రెండు మాటలు చెప్పి తప్పుకునేవారు. చివర మళ్ళీ ఆయన గొంతే వినిపించేది. విక్రమార్కుడి భుజం మీద శవంలో దూరి కథ చెప్పిన భేతాళుడు గుర్తున్నాడు కదూ? కథ చెప్తాడు, చివర ప్రశ్న వేస్తాడు, జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. ఈయనా ఇంచుమించు అంతే. తల పగులుతుందని మాత్రం బెదిరించరు.

"దయ్యాల కథలూ, అంగారక గ్రహం కథలూ మాకెందుకమ్మా?" అంటారేమో. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అసలు సంగతి తెలిశాక అభిప్రాయం మార్చుకున్నాను. సెర్లింగ్ ఈ కథల్లోకి సరదాకి రాలేదు. చెప్పదలచుకున్న మాటని వీధి తలుపులోంచి రానివ్వకపోతే, చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి తెచ్చారు.

ఆయన 1924 డిసెంబరు 25న పుట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్‌టన్ అనే ఊళ్ళో పెరిగారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళంలో చేరి ఫిలిప్పీన్స్ దీవుల్లో పోరాడారు. గాయాలు, రాత్రుళ్ళు పీడకలలు మిగిలాయి. తిరిగొచ్చి చదువుకున్నారు, కాలేజీలోనే పరిచయమైన కేరల్ గారిని 1948లో పెళ్ళిచేసుకున్నారు. తరవాత సిన్సినాటిలో ఒక రేడియో స్టేషన్లో రాత ఉద్యోగం. అంటే మా రేడియో మనిషే! ఆ ఉద్యోగం వదులుకుని టీవీ నాటకాలు రాయడం మొదలుపెట్టారు. 1955 జనవరిలో 'పేటర్న్స్' అనే నాటకంతో ఆయన పేరు దేశమంతా మారుమోగింది. అప్పట్లో టీవీ నాటకం అంటే నటులు ఆడుతూ ఉండగా సూటిగా ప్రసారం కావడమే. జనం అడిగి అడిగి, నెల తిరిగేలోగా అదే నాటకాన్ని అదే నటులతో మళ్ళీ ఆడించారు.

పేరూ డబ్బూ వచ్చాయి గాని, చెయ్యి కట్టేసినట్టే ఉండేది. ఎందుకంటే, ఆ రోజుల్లో అక్కడ ఒక కార్యక్రమం ఖర్చంతా సాధారణంగా ఏదో ఒక కంపెనీ పెట్టుకునేది. డబ్బు పెట్టినవాడు ఊరుకుంటాడా? రాతప్రతి ముందు ఆ కంపెనీ మనుషుల చేతికి వెళ్ళేది. లైటర్లు అమ్మే కంపెనీ స్పాన్సరు గనుక, సెర్లింగ్ రాసిన నాటకంలో "అగ్గిపుల్ల ఉందా?" అనే మాట కొట్టేశారు. మరో రచయిత నాటకం సంగతి వినండి. 1959 ఏప్రిల్లో నాజీల మీద జరిగిన విచారణని నాటకంగా చూపించారు. దానికి డబ్బు పెట్టింది గ్యాసు కంపెనీల సంఘం. లక్షలాది యూదుల్ని విషవాయువుతో చంపిన గదుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'గ్యాసు' అన్న ఒక్క మాట వినబడకుండా శబ్దం తీసేశారు. నటుల పెదవులు కదులుతాయి, మాట రాదు. వంటింట్లో వాడే గ్యాసుకి చెడ్డపేరు వస్తుందని భయం! నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇవి చిన్నవి. పెద్దదొకటి ఉంది.

1955 ఆగస్టులో షికాగో నగరం నుంచి ఎమెట్ టిల్ అనే పధ్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాడు సెలవులకి మిసిసిపీ రాష్ట్రంలో చుట్టాలింటికి వెళ్ళాడు. అక్కడ కొట్లో ఉన్న తెల్లజాతి స్త్రీతో చనువుగా ప్రవర్తించాడని నింద వేసి, ఆమె భర్త, అతని అన్న కలిసి అర్ధరాత్రి ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. కొట్టి, కాల్చి, శవాన్ని ఏట్లో పడేశారు. ఆ పిల్లవాడి తల్లి మేమీ ఏం చేసిందో తెలుసా? పెట్టె మూసి పూడ్చిపెట్టనివ్వలేదు. తెరిచే ఉంచమంది. తన బిడ్డకి ఏం జరిగిందో లోకమంతా చూడాలని పట్టుబట్టింది. వేలాది మంది వరసగా వచ్చి చూశారు. కాని కోర్టులో అందరూ తెల్లవాళ్ళే అయిన జ్యూరీ గంటకి కాస్త అటూఇటూగా తేల్చేసి, హంతకులిద్దర్నీ నిర్దోషులని వదిలేసింది. ఆ తరవాత కొద్ది నెలలకే వాళ్ళు డబ్బు పుచ్చుకుని, అవును మేమే చంపామని ఒక పత్రికకి చెప్పుకున్నారు. ఒకసారి విడుదలయ్యాక రెండోసారి విచారణ చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు మరి.

ఇది సెర్లింగ్‌ని పట్టి కుదిపింది. నాటకం రాశారు. ఉన్నదున్నట్టు రాస్తే బతకనివ్వరని తెలిసి, చనిపోయినవాణ్ణి ముసలి యూదు వ్యాపారిగా మార్చారు. ఐనా ఇది ఆ కుర్రవాడి కథేనని పత్రికల్లో పొక్కింది. దక్షిణాది తెల్లవాళ్ళ సంఘాల నుంచి బెదిరింపు ఉత్తరాలు వెల్లువెత్తాయి. స్పాన్సరు ఉక్కు కంపెనీ. వాళ్ళు బెదిరిపోయారు. చనిపోయినవాడు ఎవరో పేరు లేని పరదేశి అయిపోయాడు. కథ దక్షిణాది నుంచి ఉత్తరాదికి మారింది. కోకాకోలా సీసాలు కనిపిస్తే దక్షిణాది గుర్తొస్తుందని వాటినీ తీయించేశారు. 1956 ఏప్రిల్లో ప్రసారమైన దాంట్లో అసలు సంగతి ఏమీ మిగల్లేదు. పట్టు వదలకుండా 1958లో మరో నాటకం రాశారు. ఈసారి కథ వంద సంవత్సరాల కిందటి మాటయింది, నల్లవాడి బదులు మెక్సికో వాడయ్యాడు. రెండుసార్లూ ఆ తల్లి దుఃఖం తెర మీదికి రానే లేదు.

ఆ మరుసటి ఏడే ట్విలైట్ జోన్. మొదలవబోయే ముందు ఒక పేరున్న విలేఖరి, అంటే ఇక మీరు టీవీకి ముఖ్యమైన సంగతులు రాయడం మానుకున్నట్టేనా అన్న అర్థంలో మొహం మీదే అడిగారు. సెర్లింగ్ పెద్దగా వాదించలేదు. ఇంక పోట్లాడే ఓపిక లేదన్నట్టే మాట్లాడారు. ఆ మాటలు పైకేనని నా అనుమానం. ఉక్కు కంపెనీకైనా సబ్బుల కంపెనీకైనా అంగారక గ్రహం వాళ్ళతో పేచీ ఏముంటుంది చెప్పండి? బొమ్మల కథ, పిల్లల కథ అని వదిలేశారు. ఐనా అలవాటు పూర్తిగా పోలేదు లెండి. ఇంగ్లీషు ఓడ మీద నడిచే కథ ఒకటుంది. ఓడ అధికారి టీ తెప్పించుకునే చోట అభ్యంతరం వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళు టీ కాక ఇంకేం తాగుతారు? కాని స్పాన్సరు కాఫీ పొడి అమ్మేవాళ్ళాయె!

ఇక కథల్లోకి వద్దాం. నాకు అన్నిటికన్నా నచ్చినది 1960 మార్చి 4న వచ్చిన 'ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్'. రాక్షసులు మేపుల్ వీధికి రాబోతున్నారు అని. ఎండాకాలం సాయంత్రం. మధ్యతరగతి వాళ్ళుండే చక్కటి వీధి. ఒకాయన కారు కడుక్కుంటున్నాడు, పిల్లలు ఆడుకుంటున్నారు, ఐస్‌క్రీం బండి వచ్చింది. పైన ఏదో మెరిసి పోయింది. అంతే, కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యవు, కార్లు కదలవు. పక్క వీధిలో ఎలా ఉందో చూసొస్తానని ఒకాయన వెళ్ళాడు. ఇంతలో బొమ్మల పుస్తకాలు చదివే పిల్లవాడొకడు, "వాళ్ళు వచ్చేముందు మనుషుల్లా కనబడే ఒక కుటుంబాన్ని ముందే పంపిస్తారు" అన్నాడు. పెద్దవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

అప్పుడు ఒకాయన కారు దానంతటదే స్టార్టయింది. అందరి కార్లూ ఆగిపోతే అతని కారెందుకు కదిలింది? ఒకావిడ అంది: ఈయన అర్ధరాత్రి వాకిట్లో నుంచుని ఆకాశంకేసి చూస్తూ ఉంటాడు, నేను చాలాసార్లు చూశాను అని. పాపం, ఆయనకి నిద్ర పట్టని జబ్బు. ఇంకొకాయన ఇంట్లో ఏదో రేడియో కట్టుకుంటున్నాడట, ఎవరితో మాట్లాడటానికో! చీకటి పడింది. దూరం నుంచి ఎవరో నడిచి వస్తున్నారు, చేతిలో ఏదో ఉంది. ఒకడు తుపాకి పేల్చాడు. పడిపోయినవాడు ఎవరనుకున్నారు? పక్క వీధి చూసొస్తానని వెళ్ళిన పొరుగాయనే. ఆ తరవాత రాళ్ళు, పరుగులు, చివరికి ఆ పిల్లవాడి మీద కూడా అనుమానం. ఊరి పక్క గుట్ట మీద ఇద్దరు నుంచుని ఇదంతా చూస్తున్నారు. నిజంగానే వేరే లోకం వాళ్ళు. వాళ్ళు చేసింది కొన్ని మీటలు నొక్కడమే. మిగతాదంతా ఆ వీధి వాళ్ళే చేసుకున్నారు.

ఇది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దయ్యాల భయం కాదు. చాలా ఏళ్ళ కిందట మేం ఐదు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. దసరా బొమ్మల కొలువు అయ్యాక ఒక వాటావిడ వెండి గ్లాసు కనబడలేదు. ఆ సాయంత్రం నూతి దగ్గర అందరం చేరాం. "గిన్నెలు తోమే పిల్ల ఈ మధ్య కొత్త గాజులు వేసుకుంటోంది" అన్నారొకరు. "నిన్న కొంగు అలా దోపుకుని వెళ్ళిందేమిటో" అన్నారు ఇంకొకరు. "మొన్న రెండు రోజులు పనిలోకి రాలేదు కదా" అన్నాను నేను. చూడండి, ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. గాజులు కొత్తవే, కొంగు దోపుకున్న మాట నిజమే, రెండు రోజులు రాని మాటా నిజమే. మూడు నిజాలూ కలిపితే దొంగతనం అయిపోయింది. ఆ పిల్లని పిలిచి అడిగారు. ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. సంక్రాంతికి ముందు ఆవిడ అటక దింపి బొమ్మల పెట్టె తీస్తే, పాత చీర మడతల్లో గ్లాసు ఉంది. తనే చుట్టి పెట్టుకుంది. ఆ పిల్ల తనకి రావలసిన జీతానికి కూడా మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఇంతవరకూ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

రెండో కథ ఆడవాళ్ళకి మరీ దగ్గరిది. పేరు 'ఐ ఆఫ్ ది బిహోల్డర్', 1960 నవంబరు 11న వచ్చింది. ఆస్పత్రిలో ఒకమ్మాయి మొహం నిండా కట్లతో పడుకుని ఉంటుంది. అందంగా లేదని, అందరిలా అవడానికి పదకొండోసారి చికిత్స చేయించుకుంది. ఈసారీ కుదరకపోతే ఆమెని తనలాంటి వాళ్ళుండే ఊరికి పంపేస్తారు. ప్రభుత్వం నియమం అది. డాక్టర్లూ నర్సులూ దయగానే మాట్లాడతారు, కాని వాళ్ళ మొహాలు మనకి కనబడవు, అంతా నీడల్లోనే. కట్లు ఒక్కొక్కటే విప్పుతారు. తీరా చూస్తే సినిమా తారలాంటి అమ్మాయి! నర్సు భయంతో వెనక్కి తగ్గుతుంది. "ఏ మార్పూ లేదు" అంటాడు డాక్టరు. అప్పుడు దీపాలు వెలుగుతాయి. అక్కడున్న వాళ్ళందరి మొహాలూ పంది మూతుల్లా, వంకర పెదవులతో ఉంటాయి. ఆ లోకంలో అదే అందం.

పెళ్ళిచూపుల్లో "పిల్ల లక్షణంగానే ఉంది గాని, కాస్త చామనచాయ" అన్న మాట విన్నవాళ్ళకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో విశేషం చెప్తాను. కట్లలో ఉన్నంతసేపూ నటించింది ఒకావిడ, కట్లు విప్పాక కనిపించేది మరొకావిడ. అందమైన మొహమున్న నటి కొద్ది నిమిషాలే ఉంటుంది. బరువంతా మోసింది మొహమే కనబడని మేక్సిన్ స్టూవర్ట్ గొంతు. రేడియోలో మాట్లాడేదాన్ని గనుక ఆ గొంతుకే నా ఓటు.

గొంతు అంటే గుర్తొచ్చింది. ఆగ్నెస్ మూర్‌హెడ్ అనే నటీమణి 1943లో అమెరికా రేడియోలో ఒక నాటికని దాదాపు ఒంటి గొంతు మీద నడిపి గొప్ప పేరు తెచ్చుకుంది. అటువంటి ఆమెకి 1961 జనవరిలో 'ది ఇన్వేడర్స్' అనే కథలో ఒక్క మాటైనా ఇవ్వలేదు. పల్లెటూళ్ళో కరెంటు లేని పాకలాంటి ఇల్లు, ఒంటరి పేదరాలు, పొయ్యి మీద వంట. కప్పు మీద చప్పుడైతే ఎక్కి చూస్తుంది. చిన్న పళ్ళెం లాంటి విమానం, అందులోంచి జానెడు మనుషులు. వాళ్ళు ఆమె వంటింటి కత్తినే ఎత్తుకుపోయి ఆమెనే గాయపరుస్తారు. మాటల్లేకుండా మూలుగులతో, ఊపిరితో, గొడ్డలి పట్టుకుని పోరాడుతుంది. ముగింపు చెప్పను. చెప్తే మీరు నన్ను తిట్టుకుంటారు. రాసింది సెర్లింగ్ కాదు, రిచర్డ్ మేథిసన్. ఈయనా, చార్లెస్ బోమాంట్ అనే ఇంకొకాయనా కూడా ఈ కార్యక్రమానికి చక్కటి కథలు ఇచ్చారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒక్క విషయంలో సెర్లింగ్ గారితో నాకు పేచీ ఉంది. ఈ కథల్లో భార్యలు చాలామంది గయ్యాళులే. పుస్తకాల పిచ్చి ఉన్న బ్యాంకు గుమాస్తా కథ ఒకటి బాగా పేరుపడింది. అందులో భార్య అతని కవితల పుస్తకంలో ప్రతి పేజీ గీతలతో కొట్టేసి, "చదువు, వింటాను" అంటుంది. అలసిపోయి రైల్లో ఇంటికొచ్చే ఉద్యోగి కథలోనూ అంతే, భార్యకి డాబు తప్ప మరేం పట్టదు. నల్లవాళ్ళ బాధ, యూదుల బాధ అంత చక్కగా అర్థమైన మనిషికి, ఆ ఇల్లాళ్ళు రోజంతా ఏం చేస్తూ అలా తయారయ్యారో ఒక్కసారైనా అనిపించలేదా? 156 కథల్లో ఆడవాళ్ళు దర్శకత్వం చేసింది ఒక్కటంటే ఒక్కటే, 1964 మార్చిలో వచ్చిన 'ది మాస్క్స్'. చేసినావిడ ఐడా లుపినో. మొదటి విడతలో మరో కథలో నటించింది కూడా.

ఇక ఎమెట్ టిల్ మాట ఏమైందంటారా? 1960 ఏప్రిల్లో 'ది బిగ్ టాల్ విష్' అని ఒక కథ వచ్చింది. వయసు మీరుతున్న ముష్టియోధుడు, పొరుగున ఉండే చిన్న పిల్లవాడు. ఆయన గెలవాలని పిల్లవాడు మనసంతా పెట్టి కోరుకుంటాడు. కోరిక ఫలిస్తుంది, కాని ఆయన నమ్మలేకపోతాడు. ముఖ్యపాత్రలన్నీ నల్లజాతి వాళ్ళవే. కథలో రంగు ప్రసక్తే లేదు. ఒక ఇల్లు, ఒక తల్లి, మంచం మీద పడుకున్న ఒక పిల్లవాడు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో నల్లవాళ్ళకి ఇలాంటి పాత్రలు దొరకడమే గగనం. ఒక్క ఉపన్యాసం లేకుండా, ఎవరినీ తిట్టకుండా, ప్రతి ఇంటి ముందుగదిలోకీ ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నా మటుకు నాకు, నాలుగేళ్ళుగా రాయనివ్వని నాటకంలో కొంత ఇదే.

సెర్లింగ్ 1975 జూన్ 28న గుండె ఆపరేషన్ దరిమిలా పోయారు. యాభై ఏళ్ళు. తెర మీద ఆయన చేతిలో మనం చూసే ఆ సిగరెట్లే ప్రాణం మీదికి తెచ్చాయి. ఇద్దరు కూతుళ్ళు. చిన్నమ్మాయి ఆన్ తండ్రి గురించి 2013లో ఒక పుస్తకం రాసింది. ట్విలైట్ జోన్‌ని 1985లోనూ, 2002లోనూ, 2019లోనూ రంగుల్లో కొత్తగా తీశారు. నాకు పాతదే బాగుంటుంది.

చూడాలనుకుంటే మొదట మేపుల్ వీధి కథ చూడండి. ఇంగ్లీషు అంతగా రాకపోయినా అర్థమవుతుంది. తరవాత పేదరాలి కథ, అందులో ఎలాగూ మాటలు తక్కువే. నాలుగో విడత కథలు గంటసేపు సాగుతాయి, అవి తరవాత చూడొచ్చు. మిగిలినవన్నీ పాతిక నిమిషాలే, కూరలు తరుక్కుంటూ చూసెయ్యొచ్చు. 'ఇట్స్ ఎ గుడ్ లైఫ్' అని ఒకటుంది. ఆరేళ్ళ పిల్లవాడు ఏది తలుచుకుంటే అది జరిగిపోతుంది, ఊరంతా వాడికి భయపడి "మంచిదే చేశావు నాయనా" అంటూ ఉంటారు. అది మాత్రం పిల్లలు పడుకున్నాక చూడండి. మా మనవడు పక్కన కూర్చుని చూసి, మర్నాడు పొద్దున్న పాలు తాగమంటే నాకేసి కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు.